బలహీన పదాల నిర్మూలన

ప్రభుత్వ ఆదర్శ సర్వజన వైద్యశాల సూపరింటెండెంటు డాక్టర్ నిరంజనం గారు కొండ మీద జరిగిన వ్యక్తిత్వ వికాస శిబిరానికి మామూలు మనిషిగానే వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రోగానికి మూలం ఎక్కడుందో కనిపెట్టి వచ్చారు. రోగం ఒంట్లో ఉండదు. మాటలో ఉంటుంది. నీరసంగా ఉందని అన్నవాడికే నీరసం వస్తుంది. ఇన్నేళ్లుగా వైద్యులందరూ రోగిని నాలుక చాపమని అడిగారు గాని, ఆ నాలుక మీదున్న మాటను పరీక్షించాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

వచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది. "ఈ వైద్యశాల ప్రాంగణమునందు బలహీనత, నీరసము, మరణము మొదలగు నిరుత్సాహకర పదములు గాని, వాటి ఆంగ్ల సమానార్థకములు గాని, నోటి మాటగా గాని వ్రాతపూర్వకముగా గాని వాడరాదు."

అమలు కోసం పద పరిశుద్ధి సంఘం ఒకటి ఏర్పడింది. దానికి కన్వీనరు పరిపాలనాధికారి పట్టాభిరామయ్య గారు. అంతకు ముందు ఆయన నల్లుల నిర్మూలన సంఘానికి కన్వీనరుగా ఉండేవారు. నల్లులు పోలేదు గాని, నల్లి అన్న మాట వైద్యశాల రికార్డుల్లోంచి పూర్తిగా పోయింది. ఆ అనుభవం చూసే ఈ బాధ్యత కూడా అప్పగించారు.

సంఘం పని చురుగ్గా సాగింది. ఓపీలో ఒక ముసలావిడ నీరసంగా ఉందని చెప్పబోతే డ్యూటీ డాక్టరు ఆవిణ్ణి ఆపి, "అలా అనకూడదమ్మా. బలం రాబోతోంది అనాలి," అన్నాడు.

"ఎప్పుడొస్తాది బాబూ?" అందావిడ ఆశగా.

మార్చురీ పేరు విశ్రాంతి మందిరంగా మార్చారు. దాంతో రోగుల వెంట వచ్చిన వాళ్లు దుప్పట్లూ చెంబులూ పట్టుకుని అక్కడికి చేరటం మొదలుపెట్టారు. శవం అన్న మాట అనకుండా వాళ్లను ఎలా ఆపాలో అక్కడి కాపలావాడికి తెలియలేదు. "ఇది మీలాంటి వాళ్లకి కాదండి," అని మాత్రం అనగలిగేవాడు. "అవున్లే, మంచివన్నీ పెద్దోళ్లకేగా," అని వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయేవారు.

బోర్డులు, చీటీలు, సంభాషణలు అన్నీ శుద్ధి అయ్యాక సంఘం దృష్టి కంప్యూటర్ల మీద పడింది.

కంప్యూటర్ గదిలో ఎస్తేరు రాణి అనే ఇంజనీరు ఉండేది. కాంట్రాక్టు ఉద్యోగం. రోగి చేరిన దగ్గర్నుంచి గేటు దాటేదాకా వైద్యశాలను నడిపే ప్రోగ్రాము ఆమే రాసింది, ఆమే చూసుకునేది. పట్టాభి గారు ఆ ప్రోగ్రామంతా అచ్చు వేయించి, గుమాస్తాల చేత చదివించి, ఎర్ర సిరాతో గీతలు గీయించి ఆమెను పిలిపించారు. ఆయన ఇంట్లో మామూలుగానే మాట్లాడతారట. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే మాత్రం నోట్లోంచి ఫైలు భాషే వచ్చేది.

"మీ ప్రోగ్రామునందు 'వీక్' అను నిషిద్ధ పదము పెక్కు చోట్ల కానవచ్చినది. మీ సంజాయిషీ ఏమి?"

"అది వీక్ పాయింటర్ అండి సార్. దాంతోనే మన సిస్టం నడుస్తోంది."

"వీక్ అనునది నడుచుట అసంభవము. వివరింపుడు."

ఎస్తేరు ఓపిగ్గానే చెప్పింది. "ఒక పేషెంటు చేరితే కంప్యూటర్లో ఆయన పేర ఒక రికార్డు పుడుతుంది సార్. అడ్మిషన్ కౌంటరు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఒక్కరు గట్టిగా పట్టుకున్నా చాలు, అది బతికే ఉంటుంది. డిశ్చార్జి అవగానే కౌంటరు వదిలేస్తుంది. గట్టిగా పట్టుకున్నవాళ్లు ఎవరూ లేకపోతే అది దానంతటదే చచ్చి..."

పట్టాభి గారు కలం పైకెత్తారు.

"ఖాళీ అయిపోతుంది సార్. ఇప్పుడు భోజనాలు, మందులు, లాబు, వార్డు బోర్డు ఉన్నాయి కదా. ఇవి ఒకదాని కోసం ఒకటి ఆగవు. ఒకే ప్రోగ్రాములో అన్నీ ఏకకాలంలో నడుస్తుంటాయి. థ్రెడ్లంటాం వాటిని. అన్నిటికీ ఆ రికార్డుతో పనుంటుంది. కాని అన్నీ గట్టిగా పట్టేసుకుంటే ఆ పేషెంటు ఎప్పటికీ వెళ్లడు. అందుకని అవి వీక్‌గా పట్టుకుంటాయి, అదే వీక్ పాయింటర్. ఎవరో గుర్తుంటుంది, ఆపటం మాత్రం ఉండదు. పనిబడినప్పుడు 'ఉన్నారా?' అని అడుగుతాయి. ఉంటే, ఆ అడిగిన క్షణంలోనే గట్టి పట్టు చేతికొస్తుంది. పని చూసుకుని వదిలేస్తాయి. లేకపోతే ఊరుకుంటాయి. పలకరించటానికి వచ్చిన చుట్టాల్లాగ సార్."

"చుట్టములు బలహీనముగా పట్టుకొందురా?"

"మంచి చుట్టాలు అంతే సార్."

పట్టాభి గారు కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. "మన వైద్యశాలయందు రోగిని బలహీనముగా పట్టుకొనుట అనునది జరుగరాదు. అన్ని విభాగములును గట్టిగా పట్టుకొనవలెను."

"అలా అయితే ఎవరూ ఇంటికి వెళ్లలేరు సార్."

"రోగిని విడువకుండుటయే గదా మన ధ్యేయము!"

ఎస్తేరు తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చింది. సాయంత్రానికల్లా అది తిరిగి వచ్చింది. అభ్యంతరంలో నిషిద్ధ పదం అనేకసార్లు వాడబడినందున స్వీకరించటం సాధ్యపడలేదని రాసి ఉంది. ఆ మాట లేకుండా రాయటానికి ఆమె చాలాసేపు ప్రయత్నించింది. ఆ మాట లేకుండా రాస్తే అది అభ్యంతరంలా కాకుండా అభినందనలా తయారైంది. మర్నాడు కాంట్రాక్టు పొడిగింపు గురించి పట్టాభి గారు ఒకసారి యథాలాపంగా ప్రస్తావించారు. ఎస్తేరు వీక్ అని ఉన్న చోటల్లా స్ట్రాంగ్ అని మార్చింది.

మట్టా ముత్యాల్రావు ఆ వైద్యశాలలో చేరింది ఆ వారంలోనే. అతనికి బజార్లో షామియానాల దుకాణం ఉంది. బరువులెత్తీ ఎత్తీ గిలక జారి హెర్నియా వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు కుట్లు చూసి, బరువులెత్తొద్దని చెప్పి, ఇంటికి వెళ్లొచ్చని సంతకం పెట్టాడు. ముత్యాల్రావు లుంగీ తీసి పంచె కట్టుకుని, భార్య మంగతాయారు చేతికి సంచీ ఇచ్చి గేటు దగ్గరికి నడిచాడు.

గేటు దగ్గర కాపలాదారు కంప్యూటర్లో చూశాడు. "మీరు ఇంకా లోపలే ఉన్నారండి. పాసు రావటం లేదు."

"ఇదిగో డాక్టరుగారి సంతకం."

"డాక్టరుగారు వదిలేశారండి. భోజనాలవాళ్లు వదల్లేదు."

ముత్యాల్రావు వెనక్కి వచ్చాడు. మధ్యాహ్నం బ్రెడ్డూ పాలూ వచ్చాయి. మర్నాడు పొద్దున్నే లాబువాళ్లు వచ్చి రక్తం తీసుకున్నారు. లోపల ఉన్న రోగికి రోజూ రక్తం తియ్యాలి. భోజనాల విభాగాన్ని బతిమాలితే, మందులవాళ్లు పట్టుకుని ఉండగా తామొక్కరే వదిలి ప్రయోజనం ఏముందన్నారు. మందులవాళ్లు లాబు వైపు చూపించారు. మంగతాయారు కొంగు నడుముకి బిగించి సరాసరి పట్టాభి గారి గదిలోకి వెళ్లింది.

"బాబూ, పెళ్లిళ్ల రోజులండి. గుడ్డలన్నీ దుకాణంలో మూటలు కట్టి పడున్నాయి. మా ఆయన్ని వదిలెయ్యండి బాబూ."

"అమ్మా, మీ భర్తగారిని పట్టుకొనియున్నది మేము కాము. ఇప్పటికి తేలినంతవరకు, ప్రధానముగా మంచము."

"మంచమేంటండి?"

"రోగి రికార్డు మంచమును పట్టుకొనియున్నది. మంచము రికార్డు రోగిని పట్టుకొనియున్నది. రెంటిలో ఏదియు ముందుగా విడువదు."

"మా ఆయన మంచం పట్టలేదండీ! బాగయిపోయాడని డాక్టరుగారే అన్నారు."

"అది నిజమే. మీ భర్త మంచము పట్టలేదు. మంచమే మీ భర్తను పట్టినది."

మంగతాయారు అక్కణ్ణుంచి కంప్యూటర్ గదికి వెళ్లింది. ఎస్తేరు ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, జరిగిందేమిటో చెప్పింది. మంగతాయారుకి సగం అర్థమైంది. ఆ సగం చాలు.

"అయితే నువ్వు మళ్లీ మార్చెయ్యొచ్చుగా అమ్మాయీ?"

"మార్చితే నా ఉద్యోగం పోద్దండి."

"పోతే మా ఆయన ఇంటికొస్తాడా?"

ఎస్తేరు తలొంచుకుంది. "నా తర్వాత వచ్చినోళ్లు మళ్లీ ఇలాగే చేస్తారండి."

 మంగతాయారు గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయింది. ఆ పూటంతా ఎస్తేరుకి తిండి సయించలేదు.

తక్కిన రోగులు కొందరు క్యాంటీను వెనక గోడ దూకి ఇళ్లకు పోయారు. ముత్యాల్రావు కుట్లతో దూకలేడు. గోడ దూకినవాళ్ల మంచాలు ఖాళీగా ఉన్నా, కంప్యూటరు ప్రకారం నిండుగానే ఉన్నాయి. వాటి మీద మూడు పూటలా బ్రెడ్డూ పాలూ పెట్టి వెళ్లేవారు. కొత్తగా చేరిన రోగులు ఆ మంచాల పక్కన నేల మీద పడుకునేవారు. జ్వరంతో ఉన్న ఒక పిల్ల చెయ్యి చాపి ఖాళీ మంచం మీది పాలగ్లాసు తీసుకోబోతే, "అది ఆ పేషెంటుది, ముట్టుకోకూడదు," అని వాళ్లమ్మ చేతి మీద కొట్టింది. పాలు సాయంత్రానికి విరిగిపోతే తీసి పారబోశారు.

నెలవారీ సమావేశంలో సూపరింటెండెంటు గారి ఆనందానికి హద్దు లేదు. "మన ఆసుపత్రికి ఒకసారి వచ్చిన పేషెంటు తిరిగి వెళ్లటం లేదు! ఇదీ మాట మహిమ. ఏ కార్పొరేట్ ఆసుపత్రికి ఉందయ్యా ఇంత ఆదరణ?" అన్నారు.

ఆ సమావేశంలోనే దీర్ఘకాలంగా ఉంటున్న రోగుల విషయం చర్చకు వచ్చింది. వాళ్లలో ముత్యాల్రావు పేరు పైన ఉంది. పెద్ద డాక్టర్లు వచ్చి అతని పొట్ట నొక్కి చూశారు. ఏ జబ్బూ కనిపించలేదు. జబ్బు కనిపించకుండా ఇంతకాలం ఆసుపత్రిలో ఉన్నాడంటే అది చాలా అరుదైన జబ్బు అయి ఉండాలని నిర్ణయించారు. విద్యార్థుల్ని తీసుకొచ్చి చూపించారు.

"ఎక్కడ నొప్పి?" అని అడిగాడు ఒక విద్యార్థి.

"గేటు కాడండి," అన్నాడు ముత్యాల్రావు.

పొట్ట తెరిచి చూస్తే తప్ప తెలియదని తేల్చారు. ఆపరేషన్‌కి రోజు నిర్ణయించి థియేటరు జాబితాలో ఎక్కించారు. ఆ కబురు విని ముత్యాల్రావు ఆ పూట పాలు కూడా తాగలేదు. "బాగున్నోణ్ణి కోస్తారంటే ఏంటే ఇది?" అని భార్యను పట్టుకుని ఏడ్చాడు. మంగతాయారు కూడా ఏడ్చి, ముక్కు చీది, మళ్లీ పట్టాభి గారి గదికి బయల్దేరింది.

ఈసారి పట్టాభి గారు ఆవిణ్ణి చూసే స్థితిలో లేరు. పుట్టిన రికార్డు ఏదీ పోకపోవటం వల్ల కంప్యూటరు నిండిపోయి కదలటం మానేసింది. ఆయన ఎస్తేరును పిలిపించారు.

"గట్టిగా పట్టుకొనుట వలన ఇబ్బందులు తలెత్తుచున్నట్లు సంఘము గుర్తించినది. కావున అన్ని విభాగములును పట్టు విడువవలెను."

ఎస్తేరుకి ప్రాణం లేచివచ్చింది. "అయితే మళ్లీ పాత పద్ధతే పెట్టమంటారా సార్?"

"ఆ పదమును ఉచ్చరింపకుడు. ఏ విభాగమును రోగిని పట్టుకొనదు. రోగి రికార్డు ఉన్న చోటు మాత్రము గుర్తుంచుకొనును. వాడుటకు ముందు రోగి ఉన్నాడా లేడా అని ఒక గుమాస్తా ధ్రువీకరించును. ఆ ధ్రువీకరణ నా వద్దకు వచ్చును. నేను ఆమోదించిన పిదప వాడుకొనవచ్చును."

"సార్, అది ఇంకా ప్రమాదం. అడగటం, పట్టుకోవటం ఒకే క్షణంలో జరగాలి. మీరు ఆమోదించేలోపు ఆ పేషెంటు వెళ్లిపోవచ్చు. ఆ చోట్లో కంప్యూటరు ఇంకో పేషెంటుని పెట్టొచ్చు. ఇల్లు ఖాళీ చేసినోళ్ల పేరు మీద పార్సిలు పంపిస్తే కొత్తగా దిగినోళ్లు విప్పుకున్నట్టు ఉంటుంది."

"నా ఆమోదమున కాలయాపన జరుగునని మీ ఆరోపణయా?"

"లేదు సార్. మీరు ఎంత తొందరగా చేసినా, మిగతా థ్రెడ్లు మీ కోసం ఆగవు."

"ఆగవలెనని ఉత్తర్వు జారీ చేసెదము," అన్నారు పట్టాభి గారు.

ఉత్తర్వు జారీ అయింది. థ్రెడ్లు దాన్ని చదవలేదు.

కొత్త పద్ధతి మొదలైన రోజు పొద్దున్నే ముత్యాల్రావు రికార్డు ఖాళీ అయిపోయింది. ఆ సంగతి తెలిసి మొగుడూ పెళ్లాం పరుగులాంటి నడకతో గేటు దగ్గరికి చేరారు. కాపలాదారు కంప్యూటర్లో వెతికాడు.

"మీరు లోపల లేరండి."

"లేకపోతే పోనీ. పంపించెయ్యి."

"లోపల ఉన్నోళ్లకే కదండి బయటికి పాసు ఇచ్చేది? లేని మనిషికి పాసు ఎలా ఇస్తానండి?"

ముత్యాల్రావు మళ్లీ వెనక్కి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి ట్రాలీ వచ్చింది. అతని పొట్ట తెరిచి చూసే రోజు అదే. మంగతాయారు ట్రాలీకి అడ్డంపడితే పక్కకు లాగేశారు. అతనికి పచ్చగౌను తొడిగి, ఎందుకైనా మంచిదని చేతులు కట్టి, థియేటరులోకి తోసుకుపోయారు.

అతని రికార్డు ఉన్న చోట్లో అప్పటికే కంప్యూటరు మరొక రోగిని పెట్టింది. అప్పుడే కాన్పుకి వచ్చి చేరిన ఒక నిండు గర్భిణి ఆమె. థియేటరు జాబితా గుర్తుంచుకున్నది ముత్యాల్రావు పేరు కాదు, ఆ చోటు. కాబట్టి థియేటరు తెర మీద సిజేరియన్ అని పడింది. కాన్పుల డాక్టరు శశిరేఖ గారు చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని వచ్చి, దుప్పటి కాస్త పక్కకు తీశారు. బుర్రమీసాలతో ముత్యాల్రావు ఆమె వైపు దీనంగా చూశాడు.

"ఎవరికయ్యా కాన్పు?"

"నాకు కాదండి డాక్టరుగారూ! మేం ఇద్దరితో ఆపేశామండి. మా ఆవిడ ఆపరేషన్ కూడా చేయించేసుకుందండి."

శశిరేఖ గారు మాస్కు తీసి పట్టాభి గారికి ఫోను చేశారు. పెద్దగా పెట్టిన ఫోనులో ఆయన గొంతు అందరికీ వినిపించింది.

"రోగి ధ్రువీకరణ ఉదయముననే పూర్తయినది డాక్టరుగారూ. ధ్రువీకరణ అనంతరము రోగి మారుటకు నిబంధనలు అనుమతింపవు."

"సార్, ఇతను మగమనిషి. నా కళ్లముందే ఉన్నాడు."

"కంటితో చూచుట ధ్రువీకరణ క్రిందికి రాదు."

శశిరేఖ గారు ఫోను పెట్టేసి ముత్యాల్రావు చేతుల కట్లు విప్పించారు. "అయితే నాకు చూపించాల్సిన పేషెంటు ఎక్కడ?" అని అరిచారు.

ఆ గర్భిణి కంప్యూటరు ప్రకారం థియేటరులో ఉంది. కేకలు మాత్రం కారిడార్లోంచి వస్తున్నాయి. థియేటరుకి వెళ్లిన మనిషని ఆమె దగ్గరికి ఎవరినీ పంపలేదు. వార్డు సిస్టర్ దమయంతి గారు జాబితా పక్కన పెట్టి కేకలు వినబడిన వైపు పరుగెత్తారు. శశిరేఖ గారు చేరేసరికి బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. ఇద్దరూ కలిసి కారిడార్లో, బెంచీ చాటున, చీరలు అడ్డం పట్టించి కాన్పు చేశారు. బిడ్డ చాలాసేపు ఏడవలేదు.  తర్వాత ఏడ్చింది.

ముత్యాల్రావు పచ్చగౌను ఎగరేసుకుంటూ, పొట్ట చేత్తో పట్టుకుని, కంప్యూటర్ గదిలోకి వచ్చిపడ్డాడు. వెనకే మంగతాయారు వచ్చింది.

"అమ్మా, లోపలుంచినా సరే, బయటికి పంపినా సరే. మగాణ్ణి మాత్రం మగాడిగా ఉంచండమ్మా," అన్నాడు. వగర్చుకుంటూ థియేటరులో జరిగిందీ, కారిడార్లో జరిగిందీ చెప్పాడు. 

ఎస్తేరు తలుపు గడియ వేసింది. ఇద్దర్నీ కుర్చీల్లో కూర్చోమంది. ఆ మధ్యాహ్నమే, ఎవర్నీ అడక్కుండా, పాత పద్ధతిని తిరిగి రాసేసింది. వీక్ అన్న మాట కనబడితే సాయంత్రానికల్లా ఎర్రగీత పడుతుందని ఆమెకు తెలుసు. అందుకని ప్రోగ్రాము మొదట్లో ఒకే ఒక్క వరుసలో దానికి మారుపేరు పెట్టింది. ఏ గుమాస్తా గీత గీయటానికి సాహసించని పేరు కావాలి. ఆలోచించి నిరంజన్ అని పెట్టింది. వీక్ పాయింటర్ ఉన్న చోటల్లా ఇప్పుడు నిరంజన్ పాయింటర్ ఉంది.

ముత్యాల్రావును మళ్లీ చేర్చి, వెంటనే డిశ్చార్జి చేసింది. భోజనాలు, మందులు, లాబు, మంచం ఒక్కొక్కటే 'ఉన్నారా?' అని అడిగి, లేరని తెలుసుకుని ఊరుకున్నాయి. పాసు వచ్చింది. గేటు దాటాక ముత్యాల్రావు ఆగకుండా నడిచాడు. మంగతాయారు మాత్రం వెనక్కి తిరిగి, కంప్యూటర్ గది కిటికీ వైపు చూసి దణ్ణం పెట్టింది.

సంఘం వారు కొత్త ప్రోగ్రామును అచ్చు వేయించి పరిశీలించారు. పట్టాభి గారు ఆ కాయితాలు చేత్తో పట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్లారు.

"తమ నామధేయమే పెక్కు చోట్ల కానవచ్చుచున్నది."

"నా పేరా? ఎక్కడ?"

"పని జరుగు ప్రతి చోటను. ఏకకాలమున."

నిరంజనం గారి కళ్లు చెమర్చాయి. కంప్యూటర్ గదికి టీ పంపించమని చెప్పారు. మంచాలు ఖాళీ అవుతున్నాయి, రోగులు ఇళ్లకు వెళుతున్నారు, కంప్యూటరు ఆగటం లేదు. ఇదంతా బలహీన పదాల నిర్మూలన ఫలితమేనని ఆయన పైవారికి నివేదిక పంపారు. పైవారికి అది నచ్చింది. అన్ని జిల్లాల ఆసుపత్రుల్లోనూ ఈ నిషేధం అమలు చెయ్యాలని తలచి, ముందుగా అక్కడి సూపరింటెండెంట్లకూ, ఇంజనీర్లకూ ఆదర్శ వైద్యశాలలో శిక్షణా సదస్సు పెట్టించారు.

సదస్సులో నిరంజనం గారు మాట గురించి మాట్లాడారు. పట్టాభి గారు ధ్రువీకరణ గురించి మాట్లాడారు. చివర్న ఎస్తేరును వేదిక మీదికి పిలిచి, ప్రోగ్రాము తెర మీద చూపించమన్నారు. ఆమె క్లుప్తంగా చూపించి కూర్చోబోయింది. అప్పుడు పక్క జిల్లా నుంచి వచ్చిన జబీన్ అనే ఇంజనీరు లేచి నిలబడింది.

"మేడం, మా దగ్గర ఆర్డరు నిన్ననే వచ్చింది. వీక్ అని ఉన్నవన్నీ రేపే తీసెయ్యమన్నారు. మీరు ఆ చోట్లో నిరంజన్ పాయింటర్ అని పెట్టారు కదా, అది మా ప్రోగ్రాము భాషలో లేదు. అది ఏం చేస్తుంది మేడం?"

నిరంజనం గారు కుర్చీలో ముందుకు జరిగారు. "చెప్పమ్మా. అందరికీ వినబడేలా చెప్పు."

ఎస్తేరు మైకు ముందు నిలబడింది. ఏదో ఒకటి అల్లి చెప్పి దిగిపోవచ్చు. దిగిపోతే రేపట్నుంచి ఆ హాల్లో ఉన్నవాళ్ల ఆసుపత్రులన్నిటిలోనూ మంచాలు మనుషుల్ని పట్టుకుంటాయి. ఆ తర్వాత కారిడార్లో ఏడవని బిడ్డలుంటారు. ఆమె మైకు దగ్గరికి లాక్కుంది.

"నిరంజన్ ఎవరినీ పట్టుకోదండి," అంది.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"దానివల్ల ఏదీ నిలబడదండి. ఎవరినీ బతికించదు, ఎవరినీ ఆపదు. అప్పుడప్పుడూ వచ్చి ఉన్నారా అని అడుగుతుంది, అంతే."

వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. సూపరింటెండెంట్లు కూడా రుమాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నిరంజనం గారు ఇంకా చిరునవ్వుతోనే ఉన్నారు గాని, ఆ నవ్వు ముఖం మీద ఎందుకుందో ఆయనకే తెలియటం లేదు.

"నవ్వకండి," అంది ఎస్తేరు.  "దాని అసలు పేరు వీక్ పాయింటర్. మళ్లీ దాన్నే పెట్టి, పేరు మార్చాం అంతే. తీసేసినన్నాళ్లూ ఇక్కడ ఏం జరిగిందో తెలుసా? ముత్యాల్రావుగారని, షామియానాలాయన. ఆయన్ని సిజేరియన్‌కి టేబుల్ ఎక్కించారండి. పురుడొచ్చిన మనిషి కారిడార్లో..."

మైకు ఆగిపోయింది. వేదిక వెనక పట్టాభి గారు తీగ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె మైకు లేకుండానే చెప్పింది. ముందు వరసలవాళ్లకి మాత్రం వినబడింది. సదస్సు నివేదికలో, సాంకేతిక లోపం కారణంగా చివరి ప్రసంగం వినబడలేదని రాశారు.

ఎస్తేరు కాంట్రాక్టు ఆ సాయంత్రమే రద్దయింది. ధ్రువీకరణ, ఆమోదం, సంతకం అన్నీ ఆమె సంచీ సర్దుకునేలోగా పూర్తయ్యాయి. ఆమె బల్ల మీది పూలకుండీ కూడా గేటు దాకా తెచ్చి ఇచ్చారు.

ఆటో కోసం రోడ్డు మీద నిలబడితే వెనకనుంచి జబీన్ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనక ఇంకా కొందరు ఇంజనీర్లు వచ్చారు. మా అందరి ఆసుపత్రుల్లోనూ రేపట్నుంచి అమలేనని, ఆ ఒక్క వరుస ఎలా రాయాలో చెప్పమని చుట్టూ మూగారు. ఎస్తేరు సంచీ కింద పెట్టి, కుండీ జబీన్ చేతికిచ్చి, ఫోను తీసి వాళ్లకు రాసి చూపించింది. ఒక ఆటో వచ్చి ఆగి వెళ్లిపోయింది. ఆమె మళ్లీ మొదట్నుంచి చెప్పింది. అందరూ రాసుకున్నారు.

"పేరు మాత్రం ఏం పెట్టమంటారు మేడం?" అంది జబీన్.

ఎస్తేరు కుండీ తీసుకుని, వచ్చిన రెండో ఆటో ఎక్కింది.

"మీ సూపరింటెండెంటుగారి పేరు పెట్టండి," అంది. "అర్థం ఏంటని ఆయనే అడిగినా సరే, చాలా లోతైనదని చెప్పండి."